నలభై ఇళ్ల సరుకుల చీటీతో కాలువ బాగుపడుతుందా?

అడిగిన సంగతి ఇది. అమలాపురానికి దగ్గర్లో కాలువ గట్టు మీద బజారున్న ఊరు. చికెన్ కొట్ల చెత్త, టిఫిన్ హోటళ్ల ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లబళ్ల కుళ్లు అంతా వెనక తలుపులోంచి కాలువలోకే పోతోంది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకునేది ఆ నీళ్లతోనే. పంచాయతీకి అర్జీలు ఇచ్చి విసిగిపోయిన నలభై ఇళ్లవాళ్లు "మాతో కలిసిరాని కొట్లలో ఇక కొనం, కలిసొచ్చిన కొట్లలోనే కొంటాం" అనుకుంటున్నారు. దీనివల్ల రాజకీయంగా ఏమైనా కదులుతుందా, లేక రోజూ మొహం చూసుకునే వ్యాపారితో గొడవే మిగులుతుందా అన్నది ప్రశ్న.

తమ్ముడూ, కదులుతుంది. అయితే మీరు రాసిన వరసలో చేస్తే గొడవే మిగులుతుంది. ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి.

నేను కోనసీమలో ఒక సంత ఊళ్లో ముప్ఫై నాలుగేళ్లు కిరాణా కొట్టు నడిపాను. వర్తక సంఘంలో ఏదో ఒక పదవిలో ఉంటూనే వచ్చాను. పిల్లలు వ్యాపారం వద్దన్నాక కొట్టు మూసేసి, ఇప్పుడు వినియోగదారుల సంఘంలో అర్జీలు రాసిపెడుతున్నాను. గల్లాపెట్టెకి అటూ ఇటూ కూర్చున్నవాణ్ణన్నమాట. వీటన్నిటికన్నా పెద్ద అర్హత ఇంకోటుంది. మా ఊరి ఆడవాళ్లు ఒకసారి నన్నే మానేశారు.

1995 జనవరిలో రాష్ట్రమంతా సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. షాపులు మూతపడ్డాయి, గోదావరి లంకల్లో నాటుసారా బట్టీలు లేచాయి. సారా కాయాలంటే నల్లబెల్లం కావాలి, నవాసారం కావాలి, కాస్త పటిక కావాలి. మూడూ నా కొట్లో దొరికేవి. నేను సారా కాయలేదు, పొయ్యలేదు. బెల్లం అమ్మడం నేరమేంటి అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. నెలకి ఎన్ని బెల్లం దిమ్మలు దిగుతున్నాయో, ఊళ్లో ఎన్ని ఇళ్లలో పరమాన్నం వండుతున్నారో పోల్చుకోవడం రానంత అమాయకుణ్ణేం కాదండీ.

1996లో దసరా ముందు ఒక సాయంత్రం పద్దెనిమిది మంది ఆడవాళ్లు వచ్చారు. అందరూ నా ఖాతాదార్లే. ఎవరూ అరవలేదు. వాళ్లలో పెద్దావిడ, "అన్నయ్యగారూ, నల్లబెల్లం దింపడం మానెయ్యండి. పండక్కి పది రోజులుంది. మీరు మానేదాకా మా ఇళ్లకి సరుకులు పక్కూర్నించి తెచ్చుకుంటాం. మీరు మానేసిన్నాడు మళ్లీ మీ దగ్గరికే వస్తాం" అంది. నేను నవ్వి, కూర్చోండి, సోడా తాగండి అన్నాను. తాగలేదు.

మూడో రోజు నుంచి నాకు అసలు భయం మొదలైంది. ఒక్కొక్కరే వచ్చి ఖాతా తీయించి బాకీ కట్టేయడం మొదలెట్టారు. ఒకావిడ చెవికమ్మలు కుదువపెట్టి మరీ కట్టిందని తర్వాత తెలిసింది. బాకీ వసూలవుతుంటే గుండె జారిపోయిన వ్యాపారిని మా తాలూకాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. బాకీ ఉన్నంతకాలం మనిషి నా గుమ్మం తొక్కక తప్పదు. అది తెగిందంటే ఇంక నాకూ ఆవిడకీ మధ్య ఏం లేదు, ఆవిడ నిజంగానే వెళ్లిపోగలదు.

పండగ సరుకు కొట్లోనే ఉండిపోయింది. పదకొండో రోజున ఆ పెద్దావిడ ఇంటికి నేనే వెళ్లి, ఉన్న దిమ్మలు వెనక్కి పంపేశానని చెప్పాను. మర్నాడు పొద్దున్నే ఆ పద్దెనిమిది మందీ వచ్చారు. ఎవరి ఇంటికి ఏం కావాలో అదే కొనుక్కుని వెళ్లారు. ఒకావిడ పావుకిలో పసుపు తీసుకుని "బోణీ అన్నయ్యగారూ" అంది. ఇది జరిగి ముప్ఫై ఏళ్లు కావస్తోంది.

మీకు పనికొచ్చే ముక్క ఆ తర్వాత జరిగింది. నేను మానేశాను సరే, బజార్లో ఇంకో ముగ్గురు అమ్ముతూనే ఉన్నారు. నాకు నిద్ర పట్టేది కాదు. ధర్మం కోసం అనుకునేరు, కడుపుమంట. నా బేరం వాళ్లకి పోతోందని. ఆ మంటతోనే వర్తక సంఘంలో కూర్చుని ఆ ముగ్గురి మీద పడ్డాను. నెల తిరిగేసరికి నలుగురం కలిసి ఎక్సైజ్ వాళ్లకి కాగితం పెట్టాం. ఆడవాళ్లు పెట్టిన కాగితాలు ఏడాదిగా ఏ బల్ల కింద ఉన్నాయో తెలియదు. వర్తక సంఘం కాగితానికి మాత్రం వారంలో జీపు వచ్చింది. అలా ఎందుకు జరిగిందో మీరు ఊహించుకోగలరు. ఎన్నికల చందా అడగాలన్నా, జాతరకి పందిరి వేయించాలన్నా నాయకుడు మా గుమ్మానికే వస్తాడు. ఆ పద్దెనిమిది మందికి ఎమ్మెల్యే తెలియదు. నేను తెలుసు. నన్ను తిప్పారు, నేను పైవాళ్లని తిప్పాను.

మీ నలభై ఇళ్లవాళ్లు ఆలోచించాల్సింది ఇదే. కొట్టువాడి లాభం కత్తిరించడంతో ఆగితే అది శిక్ష. కొట్టువాడు మీ తరఫున పంచాయతీ మీద పడేలా చేస్తేనే రాజకీయం.

ఇక లెక్క చూద్దాం. ఇంటికి నెలకి నాలుగున్నర వేల సరుకులనుకుంటే నలభై ఇళ్లకి లక్షా ఎనభై వేలు. కిరాణాలో సబ్బులూ, నూనెలూ, పప్పులూ అన్నీ కలిపి చూస్తే నూటికి పది మిగలడం గొప్ప. అంటే మీ నలభై ఇళ్లవల్ల కొట్టుకి మిగిలేది పద్దెనిమిది వేలు. నెలకి ఐదారు లక్షల అమ్మకం ఉన్న కొట్టువాడికి అద్దె, కరెంటు, కుర్రాడి జీతం పోగా చేతికొచ్చేది పాతిక వేల చిల్లర. అందులోంచి పద్దెనిమిది వేలు పోతే వాడి ఇంట్లో పొయ్యి వెలగదు. రోజుకి మూడు నాలుగు లక్షల గల్లా ఉన్న పెద్ద మార్టుకైతే మీ నెల సరుకంతా సగం రోజు బేరం. మీరు మానేసినట్టు వాళ్లకి కబురు కూడా అందదు.

అంటే మీ దెబ్బ చిన్నవాడికి గట్టిగా తగులుతుంది, పెద్దవాడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అందుకే చిన్న కొట్టువాణ్ణి అడిగేటప్పుడు వాడు చేయగలిగిందే అడగాలి. "కాలువ శుభ్రం చేయించు" అంటే వాడేం చేస్తాడు? "వెనక తలుపుకి తాళం వెయ్యి, చెత్త రెండు డబ్బాల్లో పెట్టు, పంచాయతీ బండి రాకపోతే మాతోపాటు సంతకం పెట్టు." ఇంతవరకే అడగండి. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్ల సంగతైతే మరీ సులువు. 2022 జూలై 1 నుంచి దేశమంతా అవి నిషేధమే. చట్టం ఇదివరకే మానమన్నదాన్ని మానమంటున్నారు, అంతకన్నా ఏం కోరడం లేదు. చికెన్ కొట్ల సంగతి వేరు. అక్కడి చెత్తకి సరైన దారి చూపించాల్సింది పంచాయతీయే. కొట్టువాడొక్కణ్ణే పట్టుకుంటే అది రాత్రిపూట ఎవరో చేపల చెరువుకి తోలుకుపోతారు, అదీ తప్పే.

మీరు రాసినదాంట్లో నాకు బాగా నచ్చింది "కలిసొచ్చిన కొట్లలోనే కొంటాం" అన్న రెండో సగం. దాన్ని ముందుకు తెచ్చి, "కొనం" అన్నదాన్ని వెనక్కి నెట్టండి. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో 2008లో కొందరు ఇలాంటిదే ఒక విచిత్రమైన బేరం పెట్టారు. ఒక పేటలోని కొట్లన్నిటికీ తిరిగి, "ఫలానా రోజున మా జనమంతా ఒకే కొట్టుకి వస్తాం. ఆ రోజు గల్లాలో ఎంత శాతం కరెంటు ఆదా చేసే ఏర్పాట్లకి పెడతారు?" అని వేలంపాట పాడించారు. ఒక చిన్న కొట్టువాడు 22 శాతం అన్నాడు, జనం ఆ కొట్టు ముందు బారులు తీరారు. గాడిదకి కర్ర చూపించడమో, క్యారెట్ చూపించడమో అని వాళ్ల దగ్గర ఒక మాట ఉంది, దాన్నిబట్టి దీనికి క్యారట్‌మాబ్ అని పేరు పెట్టుకున్నారు. ఒక్కరోజు సంబరంలా చేస్తే నాకు పెద్ద నమ్మకం లేదు. మర్నాటి నుంచి ఆ కొట్టుకి ఎవడొస్తాడు? కానీ పోటీ పెట్టించడం ఉంది చూశారూ, అది వ్యాపారి రక్తంలో ఉన్న జబ్బుని సరిగ్గా పట్టుకుంది. నా కడుపుమంట కథ చెప్పింది అందుకే.

మన దగ్గర దీనికి సరైన అదను సంక్రాంతి. బట్టల కొట్టువాడి ఏడాది సంక్రాంతితోనూ, పెళ్లి ముహూర్తాలతోనూ తేలిపోతుంది. కిరాణాకి ధనుర్మాసంలో బెల్లం, నువ్వులు, నూనె, పిండివంటల సరుకు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి మీ వాళ్లంతా దిగేది అప్పుడే. నలభై ఇళ్లు ఆ పది రోజులు ఎనభై ఇళ్లంత ఖర్చుపెడతాయి. ఏ మే నెలలోనో "మానేస్తాం" అంటే వ్యాపారి విసనకర్ర విసురుకుంటూ సరే అంటాడు. కార్తీక మాసంలో వెళ్లి "సంక్రాంతి సరుకు ఎక్కడ కొనాలో తేల్చుకుంటున్నాం" అనండి, కుర్చీ వేస్తాడు. ఇంట్లో పెళ్లి ఉంటే ఇంకా మంచిది. ఒక్క పెళ్లి సరుకు ఎన్నో ఇళ్ల నెల బేరంతో సమానం.

బిల్లు అడగండి. కంప్యూటరు బిల్లయినా, చేత్తో రాసిన చీటీ అయినా సరే, తీసుకుని కవర్లో వేసుకోండి. నెలాఖరున నలభై కవర్లూ ఒకచోట పోసి కూడండి. "మీ కొట్లో మా వాళ్లం ఈ నెల లక్షా నలభై రెండు వేలకి కొన్నాం, ఇవిగో చీటీలు" అని గల్లా మీద పెడితే ఏ వ్యాపారైనా కళ్లజోడు సవరించుకుంటాడు. ఫేస్‌బుక్కులో వెయ్యి మంది లైకు కొట్టారని చెప్తే టీ కూడా ఇవ్వడు. మా ఆడవాళ్లకి ఆ అవసరం రాలేదు, వాళ్ల లెక్క నా ఖాతా పుస్తకంలోనే ఉంది.

ఖాతా అంటే గుర్తొచ్చింది, ఇది తేలిగ్గా తీసుకోకండి. మీ నలభై ఇళ్లలో అరువు మీద నడిచే ఇళ్లెన్నో ముందు కనుక్కోండి, నలుగురిలో మాత్రం అడగొద్దు. బాకీ ఉన్నవాళ్లని "మానెయ్యండి" అంటే రెండు పక్కలా నలిగిపోయేది వాళ్లే. మార్టులో అరువు పుట్టదు, ఆన్‌లైన్లో పుట్టదు. నాట్లప్పుడు కూలి డబ్బులు రాకముందు బియ్యం, నూనె ఇచ్చేది ఈ తిట్లు తినే చిన్న కొట్టువాడే. వాళ్లని పక్కన ఉండనివ్వండి, లేదా మీ సంఘంలో చీటీ కట్టుకుని ముందు బాకీలు తీర్పించండి.

అలాగని ఊళ్లో ఉన్న ప్రతి కొట్టూ మనదేనని, బయటి కంపెనీ ఏదైనా పరాయిదేనని నేననను. ఈ "లోకల్" అన్న మాట మీద ఈమధ్య భక్తి ఎక్కువైపోయింది. డెల్టాలో పొలం చేసేవాళ్లలో కౌలురైతులే ఎక్కువ. వాళ్ల మెడ మీద కూర్చునేది చాలాసార్లు పక్కా లోకల్ ఎరువుల వ్యాపారే. ఎరువూ మందులూ అరువిస్తాడు, కోతలయ్యాక ధాన్యం తను చెప్పిన మిల్లుకే తోలమంటాడు. 45 కిలోల యూరియా బస్తా ప్రభుత్వ ధర 266 రూపాయల 50 పైసలు. ఎరువుకి కొరతొచ్చిన సీజన్లో ఆ బస్తా కావాలంటే దాంతోపాటు అక్కర్లేని డబ్బా ఏదో కొనాలని "లింకు" పెడతాడు. ఇలాంటివాడి దగ్గర కొనడం ఊరి సేవ ఎలా అవుతుంది? కౌలురైతులు పదిమంది కలిసి సొసైటీ ద్వారానే ఎరువు తీసుకుంటాం, బయట కొంటే బిల్లు లేకుండా కొనం అని కట్టుబడితే, అదీ కొనుగోలుతో చేసే రాజకీయమే. నా లెక్కలో కాలువ కన్నా పెద్దదే.

ఇంకో అపోహ తీసెయ్యాలి. ఆన్‌లైన్లో కొంటే పన్నంతా హర్యానాకో కర్ణాటకకో పోతుందని మీరు రాశారు. జీఎస్టీ వచ్చాక అలా లేదు. సరుకు ఎక్కడికి చేరితే ఆ రాష్ట్రానికే వాటా. మీ ఇంటికి పార్సిలొస్తే రాష్ట్రం వాటా ఆంధ్రప్రదేశ్‌కే జమవుతుంది. పైగా మీ ఊరి చిన్న కొట్టువాడు జీఎస్టీలో చిన్న వ్యాపారుల కోసం పెట్టిన కాంపొజిషన్ పథకంలో ఉంటే అమ్మకం మీద నూటికి ఒక్క రూపాయే కడతాడు, మీ దగ్గర విడిగా పన్ను వసూలు చేయకూడదు కూడా. కాబట్టి పన్ను పేరు చెప్పి వాదిస్తే ఎవడో కుర్ర ఆడిటరు మీ నోరు మూయిస్తాడు. ఊరికి మిగిలేది వేరే ఉంది. కొట్లో కుర్రాడి జీతం, హమాలీ కూలి, పంచాయతీకి కట్టే లైసెన్సు రుసుం, గుడికీ బడికీ ఇచ్చే చందా. అన్నిటికన్నా ముఖ్యం, కోపం వస్తే వెళ్లి ఎదురుగా నిలబడి అడగడానికి ఒక మనిషి ఉంటాడు. యాప్‌తో మీరు ఏ వెనక తలుపు గురించి మాట్లాడతారు?

బహిష్కరణ గురించి రెండు ముక్కలు. ఇంగ్లీషువాళ్ల "బాయ్‌కాట్" అన్న మాట 1880లో ఐర్లండ్‌లో మేయో అనే జిల్లాలో కౌలు తగ్గించమన్న గొడవలో పుట్టింది. జమీందారు తరఫున కౌళ్లు వసూలు చేసే ఒక కెప్టెన్ గారి ఇంటిపేరది. ఆయన పొలంలో ఎవరూ పనికి వెళ్లలేదు, కొట్లలో సరుకు ఇవ్వలేదు. పంట కోయడానికి పటాలాన్ని కాపలా పెట్టాల్సొచ్చింది. ఐదొందల పౌండ్ల పంటకి పదివేల పౌండ్లు ఖర్చయిందని లెక్క చెబుతారు. చూశారా, అక్కడ కిందివాళ్లు పైవాణ్ణి మానేశారు. దిశ అది.

మన గడ్డ మీద ఈ ఆయుధం ఎక్కువగా ఏ దిశలో పేలిందో దాచుకోవడం నాకిష్టం లేదు. 2017లో భీమవరం దగ్గర గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం గొడవ తర్వాత దళితులని ఊరు వెలేసింది. పనికి పిలవడం మానేశారు, కౌలు పొలాలు లాగేసుకున్నారు. దేశమంతా పేపర్లలో వచ్చింది. అది కూడా "మేం వాళ్లతో వ్యవహారం చెయ్యం" అన్నదే. మీరు అనుకుంటున్నదీ పైకి అచ్చం అలాగే కనబడుతుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఎస్సీ, ఎస్టీలని సాంఘికంగా గానీ ఆర్థికంగా గానీ బహిష్కరించడం, బహిష్కరిస్తామని బెదిరించడం నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. మీ బజార్లో పళ్లబళ్లు పెట్టుకున్నవాళ్లు, చికెన్ కొట్లవాళ్లు ఎవరు, ఏ పేటవాళ్లు, ఏ మతంవాళ్లు అన్నది ఒకసారి చూసుకోండి. "చెత్త వేసేవాళ్ల" జాబితా కాస్తా ఒక కులం జాబితాగానో, ఒక మతం జాబితాగానో తేలితే, ఆ కాగితం అక్కడే చింపెయ్యండి. వాట్సాప్‌లోకి వెళ్లాక మీ కాలువ సంగతి ఎవడికీ గుర్తుండదు. అందుకే మానేసేవాళ్ల జాబితా రాయొద్దంటున్నాను, మాటిచ్చిన కొట్ల జాబితా ఒక్కటే రాయండి. అందులోనూ అతి పెద్ద కొట్టుతో మొదలుపెట్టండి, తోపుడుబండితో కాదు.

ఇదే ఆయుధం సరైన దిశలో పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 1930ల్లో అమెరికాలో షికాగో, హార్లెమ్ లాంటిచోట్ల నల్లవాళ్లు తమ పేటల్లో ఉన్న కొట్ల ముందు నిలబడి "మనకి పనివ్వని చోట మనం కొనొద్దు" అన్నారు. కొనేది మేమైతే కౌంటరు వెనక మావాళ్లు ఎందుకు లేరని అడగడం. మన డెల్టా పట్టణాల్లో బట్టల షోరూములూ బంగారం కొట్లూ చూడండి. దళితపేట కుర్రాడు గోడౌన్లో మూటలు మోస్తూ కనిపిస్తాడు. చీరలు పరిచి చూపించే దగ్గర ఎందరు? కాలువ పని అయ్యాక మీ సంఘానికి ఓపిక మిగిలితే అడగాల్సిన ప్రశ్న ఇది. నేను వ్యాపారంలో ఉండగా అడగలేదు, నా కొట్లోనూ అంతే.

మన జిల్లాలకి ఇదంతా కొత్తేమీ కాదు. 1907 ఏప్రిల్లో బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చి స్వదేశీ ఉపన్యాసాలిస్తే కాలేజీ కుర్రాళ్లు వందేమాతరం బిళ్లలు పెట్టుకుని బయటపడ్డారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు లాంటివాళ్ల చదువే ఆగిపోయింది. 1923లో కాకినాడ కాంగ్రెసు సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన పెట్టారు. గుమ్మం దగ్గర వాలంటీరుగా ఉన్న పద్నాలుగేళ్ల దుర్గాబాయి టికెట్టు లేదని నెహ్రూనే ఆపేసింది. ఆ పిల్ల తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయింది. ఈ కథ అందరూ నవ్వుకోడానికి చెబుతారు. నాకు అందులో వేరేది కనిపిస్తుంది. పెద్దవాళ్లకీ చిన్నవాళ్లకీ ఒకటే గుమ్మం, ఒకటే టికెట్టు. మీ సంఘంలో ఎవరో ఒకరి బావమరిదికి హోటలు ఉంటుంది. దానికి మినహాయింపు ఇచ్చారా, నలభై ఇళ్లు ఆ సాయంత్రమే ఇరవై అవుతాయి.

2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించింది మీకు చిన్నప్పటి సంగతి అయ్యుంటుంది. గిట్టుబాటు ధర లేదు, మురుగుకాలువల పూడిక తీయరు, మేం నాటం అని ఖరీఫ్‌ని బీడు పెట్టారు. దేశమంతా తిరిగి చూసింది, సంగతేంటో చూడమని సర్కారు మోహన్ కందా కమిటీ వేసింది. కొనను అనడానికి అన్నగారు, పండించను అనడం. దాంట్లోనూ ఆ సీజను పని పోయింది నాట్లేసే కూలీలకి. విరామం ప్రకటించినప్పుడు వాళ్ల తిండి లెక్క ఎవరు చూశారు? మీరు ఒక హోటలు మానేస్తే గిన్నెలు తోమే మనిషి పనే మొదట పోతుంది. ఆ మనిషి మీ ఊరావిడే అయ్యుంటుంది. "పదకొండు రోజులు" లాంటి గడువు పెట్టమనేది అందుకే. అంతూ పొంతూ లేకుండా మానేస్తే దెబ్బ యజమాని దాకా చేరేలోపు కిందివాళ్లని తినేస్తుంది.

ఇంకో పక్క కూడా చూడండి, మనం పండించేదాన్ని మనమే ఎంత కొంటున్నాం? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచేసరికి భీమవరం వైపు రొయ్యల రైతు గుండె ఆగినంత పనైంది. ఊరి చుట్టూ చెరువులే, మన పెళ్లి విందులో మాత్రం రొయ్య అరుదు. అంబాజీపేటలో కొబ్బరి ధర పడిపోయిందని ధర్నాకి వెళ్లొచ్చినవాళ్లే సాయంత్రం పెళ్లిలో సీసా కూల్‌డ్రింకు పట్టుకుని నిలబడతారు. బొండాలు పెట్టిస్తే చిన్నతనమట! కనీసం మన రామచంద్రపురంలో తయారయ్యే ఆర్టోస్ డ్రింకు అయినా పెట్టండర్రా అని మా బావమరిదితో పోట్లాడాను. బండార్లంక మగ్గాల చీర కొందామనుకుంటే షోరూములో పేరు చూసి మోసపోకండి. నేసేటప్పుడు బట్టని బిగించి ఉంచే కర్ర మొనల వల్ల అంచుల్లో వరసగా సన్నని చిల్లులు పడతాయి, చేనేత గుర్తు ముద్ర ఉందో లేదో చూడండి. వీలుంటే సొసైటీలోనో నేసినవాళ్ల ఇంట్లోనో కొనండి. నర్సాపురం లేసూ అంతే. అల్లిన చేతికి ఎంత అందుతుందని అడిగి కొనడమే అందులో ఉన్న రాజకీయం.

సరే, మీ కాలువకొస్తాను. ముందు బజార్లో పెద్ద కిరాణా కొట్టో, పెద్ద హోటలో ఒకటి ఎంచుకోండి. యజమాని సంఘంలో మాట చెల్లేవాడై ఉండాలి, కొంచెం పేరు కోసం పాకులాడేవాడైతే ఇంకా మంచిది. వెళ్లేటప్పుడు కుర్రాళ్లని పంపకండి. నెలనెలా సరుకు కొనే ఆడవాళ్లు వెళ్లాలి, వ్యాపారి భయపడేది వాళ్లకే. వీడియో తీయొద్దు. అడగాల్సింది మూడు మాటల్లో చెప్పి, గడువు చెప్పి, మాట నిలబెట్టుకుంటే ఏమిస్తారో కూడా చెప్పండి. ఒప్పుకున్నాడా, మర్నాడే వెళ్లి కొనండి, ఆలస్యం చేయొద్దు. పది కొట్లు ఒప్పుకున్నాక ఆ పది మంది యజమానులతోనే పంచాయతీకి వెళ్లండి, చెత్తబండి రోజూ రావాలని వాళ్ల చేతే అడిగించండి. మీరు వెనక వరసలో నిలబడండి. ఎవరూ ఒప్పుకోకపోతే అప్పుడు ఒక్క కొట్టుకి, ఆ పెద్ద కొట్టుకే, గడువు పెట్టి మానెయ్యండి. వాడి గుమ్మం ముందు అడ్డంగా నిలబడటం, వచ్చేవాళ్లని ఆపడం చేయొద్దు, అది పోలీసు కేసు అవుతుంది. మీ డబ్బు మీ ఇష్టం, ఎదుటివాడి కాళ్లు వాడి ఇష్టం.

వాడు మారాక తిరిగి వెళ్లడం మర్చిపోకండి. చాలా సంఘాలు బోల్తా పడేది ఇక్కడే. గెలిచామన్న హుషార్లో మార్టు అలవాటైపోయి కొట్టుకి వెళ్లరు. మళ్లీ ఇంకోసారి అడగడానికి మీకు మొహం ఉండదు.

ఈ ఆదివారం బజారు వెనక గట్టు మీద నడిచి, కాలువ వైపు తలుపులున్న కొట్లు ఎన్నో, వాటిలో మీ నలభై ఇళ్లూ ఎక్కువగా కొనేది దేంట్లోనో లెక్కపెట్టి రాయండి. ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో దాన్నిబట్టి చెబుతాను.